లాహోర్‌లో పుట్టి బార్సిలోనాలో మొదలైంది: హాకీ ప్రపంచకప్ విశేషాలు

పురుషుల హాకీ ప్రపంచకప్‌కు మూలపురుషుడు ఒక యుద్ధవిమాన పైలట్. పేరు ఎయిర్ మార్షల్ నూర్ ఖాన్. 1965 యుద్ధకాలంలో పాకిస్తాన్ వాయుసేనకు అధిపతి. ఆ తర్వాత అక్కడి హాకీ సమాఖ్య పగ్గాలు చేపట్టాడు. నాలుగేళ్లకోసారి వచ్చే ఒలింపిక్స్ తప్ప హాకీకి పెద్ద పోటీ ఏదీ లేదని, ఈ ఆటకంటూ సొంతంగా ఒక ప్రపంచకప్ ఉండాలని ఆయన పట్టుబట్టాడు. 'వరల్డ్ హాకీ' పత్రిక సంపాదకుడు పాట్రిక్ రౌలీ ఆయనకు తోడుగా నిలిచి, 1969లో ఆ ప్రతిపాదనను అంతర్జాతీయ హాకీ సమాఖ్య ముందు పెట్టించాడు. మరుసటి ఏడాది బ్రస్సెల్స్‌లో ఆమోదముద్ర పడింది.

మన క్రికెట్ అభిమానులు కూడా నూర్ ఖాన్ పేరు గుర్తుపెట్టుకోవాలి. 1987 క్రికెట్ ప్రపంచకప్‌ను ఇంగ్లండ్ దాటించి భారత్, పాకిస్తాన్‌లకు రప్పించినప్పుడు మన క్రికెట్ బోర్డు వైపు నుంచి ఎన్.కె.పి. సాల్వే, వాళ్ల బోర్డు వైపు నుంచి నూర్ ఖాన్ కలిసి పనిచేశారు. రెండు ఆటల ప్రపంచకప్ చరిత్రల్లో ఇంత పెద్ద పాత్ర ఉన్న మనిషి గురించి సరిహద్దుకు ఇవతల ఇంత తక్కువ చెప్పుకోవడం నాకు లోటుగానే అనిపిస్తుంది.

కప్పు కూడా పాకిస్తాన్‌లోనే తయారైంది. నమూనా గీసింది బషీర్ మూజిద్, తయారుచేసింది పాకిస్తాన్ సైన్యం. పూల నగిషీ చెక్కిన వెండి కలశం, దాని మీద వెండి బంగారాలతో చేసిన భూగోళం, ఆ గోళం నెత్తిన చిన్న హాకీ స్టిక్, బంతి. మొత్తం బరువు 11,560 గ్రాములు. అందులో బంగారం 895 గ్రాములు, వెండి 6,815 గ్రాములు, టేకు 3,500 గ్రాములు. పీఠంలో పొదిగిన ఏనుగు దంతం 350 గ్రాములు. ఏనుగు దంతం వ్యాపారంపై ప్రపంచవ్యాప్త నిషేధం ఇంకా రాని రోజులవి. 1971 మార్చిలో ఈ కప్పును బ్రస్సెల్స్‌లో సమాఖ్య అధ్యక్షుడు రెనె ఫ్రాంక్ చేతికి అందించారు.

తొలి ప్రపంచకప్ 1971 అక్టోబరులో లాహోర్‌లో జరగాలి. కానీ ఆ ఏడాది ఉపఖండం నిప్పుల మీద ఉంది. తూర్పు పాకిస్తాన్ రగులుతోంది, లక్షల మంది శరణార్థులు సరిహద్దు దాటి మన దేశంలోకి వస్తున్నారు. భారత జట్టు లాహోర్ వెళ్లి ఆడే వాతావరణమే లేదు. దాంతో పోటీని స్పెయిన్‌కు మార్చి బార్సిలోనాలో రియల్ క్లబ్ డి పోలో మైదానంలో ఆడించారు. ఆడిన జట్లు పది. సెమీఫైనల్లో భారత్, పాకిస్తాన్ తలపడనే తలపడ్డాయి. మనం 1-2తో ఓడాం. ఫైనల్లో పాకిస్తాన్ స్పెయిన్‌ను 1-0తో ఓడించి, తాము చేయించిన కప్పును తామే ఇంటికి పట్టుకుపోయింది. ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవకముందే యుద్ధం వచ్చింది.

ఆ తొలి పోటీలో నాలుగో స్థానం ఎవరిదో చెప్పగలరా? కెన్యాది! మూడో స్థానం కోసం వాళ్లతో ఆడి 2-1తో గట్టెక్కాం. ఆ కెన్యా జట్టులో ఎక్కువమంది పంజాబీ మూలాలున్నవాళ్లు. బ్రిటిష్ కాలంలో తూర్పు ఆఫ్రికాకు వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు. కెన్యా దిగ్గజం అవతార్ సింగ్ సోహల్ ఆ దేశం తరఫున నాలుగు ఒలింపిక్స్ ఆడాడు. జలంధర్ పక్కన సన్సార్‌పూర్ అనే ఒక్క ఊరి నుంచే డజనుకు పైగా ఒలింపియన్లు వచ్చారు. వాళ్లలో భారత్‌కు ఆడినవాళ్లూ ఉన్నారు, కెన్యాకు ఆడినవాళ్లూ ఉన్నారు.

1973లో మనకు చేతికందిన కప్పు జారిపోయింది. నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్, వాగెనర్ స్టేడియం. సెమీస్‌లో పాకిస్తాన్‌ను 1-0తో ఓడించి ఫైనల్ చేరాం. ఆతిథ్య జట్టు మీద సుర్జీత్ సింగ్ మొదట్లోనే రెండు గోల్స్ కొట్టాడు. వాళ్లు రెండూ తీర్చేశారు. అదనపు సమయంలో మనకు పెనాల్టీ స్ట్రోక్ వచ్చింది. గోల్ పడితే కప్పు మనదే. గోవింద కొట్టిన స్ట్రోక్ గోల్ కాలేదు. చివరికి పెనాల్టీ స్ట్రోక్స్‌లో 4-2తో నెదర్లాండ్స్ గెలిచింది. గోవింద అప్పటి ప్రపంచంలో అత్యంత వేగవంతమైన ఫార్వర్డ్‌లలో ఒకడు. కొడగు బిడ్డ. రెండేళ్ల తర్వాత కప్పు గెలిచిన జట్టులోనూ అతను ఉన్నాడన్న సంగతి, ఆ ఒక్క స్ట్రోక్ గురించి మాట్లాడేవాళ్లు తప్పక చెప్పాలి.

ఇక 1975. దీని గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు.

మలేసియా రాజధాని కౌలాలంపూర్. భారత జట్టు మేనేజర్ బల్బీర్ సింగ్ సీనియర్. 1948, 1952, 1956 ఒలింపిక్స్‌లో వరసగా మూడు స్వర్ణాలు గెలిచిన మనిషి. 1952 ఒలింపిక్ ఫైనల్లో ఒక్కడే ఐదు గోల్స్ కొట్టాడు. ఆ రికార్డు పురుషుల ఒలింపిక్ ఫైనల్స్‌లో ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అలాంటివాడు దగ్గరుండి జట్టును తయారుచేశాడు. అయినా దారి సాఫీగా సాగలేదు. లీగ్ దశలో అర్జెంటీనా చేతిలో ఓడిపోయాం.

సెమీఫైనల్లో ప్రత్యర్థి ఆతిథ్య మలేసియా. స్టేడియమంతా వాళ్ల జనమే. ఆట ముగియడానికి ఐదు నిమిషాల దూరంలో మనం 1-2తో వెనకబడి ఉన్నాం. పెనాల్టీ కార్నర్‌లు వస్తున్నాయి, గోల్ పడటం లేదు. అప్పుడు ఫుల్‌బ్యాక్ మైకేల్ కిండోను బయటికి పిలిచి, బెంచి మీదున్న అస్లాం షేర్ ఖాన్‌ను దింపారు. భోపాల్ కుర్రాడు. మరో పెనాల్టీ కార్నర్ వచ్చింది. అస్లాం మెడలోని తాయెత్తును ముద్దుపెట్టుకుని, స్టిక్ ఎత్తి కొట్టాడు. బంతి గోల్లో పడింది. 2-2. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోల్‌తో ఫైనల్ చేరాం.

ఫైనల్ మార్చి 15న, పాకిస్తాన్‌తో. ముందు వాళ్లే గోల్ కొట్టారు. సుర్జీత్ పెనాల్టీ కార్నర్‌తో లెక్క సరిచేశాడు. రెండో భాగంలో అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు మూల లోపలి వైపు తగిలి తిరిగి బయటికి వచ్చింది. గోల్ కాదని పాకిస్తాన్ ఆటగాళ్లు అంపైర్‌ను చుట్టుముట్టారు. మలేసియా అంపైర్ విజయనాథన్ మాత్రం బంతి గీత దాటిందని తేల్చాడు. 2-1. వీడియో రీప్లేలు లేని కాలం. అంపైర్ కన్ను, అతని ధైర్యం, అంతే. మన ఇళ్లలో జనం రేడియోల చుట్టూ గుంపులుగా చేరి జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం విన్నారు. హిందీ రానివాళ్లకు కూడా ఆ గొంతులోని ఊపును బట్టే ఆట ఎటు పోతోందో తెలిసిపోయేది.

ఇప్పుడు అసలు విశేషం. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టుకు కెప్టెన్ ధ్యాన్‌చంద్. అదే జట్టులో అహ్మద్ షేర్ ఖాన్ అని ఒకాయన ఉన్నాడు. 1975 ఫైనల్లో విజయం తెచ్చిన అశోక్ కుమార్ ధ్యాన్‌చంద్ కొడుకు. సెమీస్‌లో ఓటమి అంచు నుంచి లాగిన అస్లాం, అహ్మద్ షేర్ ఖాన్ కొడుకు. తండ్రులిద్దరూ ఒకే జట్టులో ఒలింపిక్ స్వర్ణం గెలిస్తే, ముప్ఫై తొమ్మిదేళ్ల తర్వాత కొడుకులిద్దరూ ఒకే జట్టులో ప్రపంచకప్ గెలిచారు. ధ్యాన్‌చంద్ ఆడే రోజుల్లో ప్రపంచకప్ అనేదే లేదు. ఆయనకు అందని ఆ ఒక్క బహుమతీ కొడుకు ద్వారా ఇంటికి చేరింది.

అదే 1975 జూన్‌లో తొలి క్రికెట్ ప్రపంచకప్ జరిగింది. మన జట్టు లీగ్ దశ దాటలేదు. అంటే ఆ ఏడాది వేసవిలో భారతదేశం హాకీలో జగజ్జేత, క్రికెట్‌లో కొత్తగా బడిలో చేరిన పిల్లాడు.

1973, 1975 హాకీ ఫైనల్స్ రెండింటిలోనూ గోల్స్ కొట్టిన సుర్జీత్ సింగ్ 1984 జనవరిలో జలంధర్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయాడు. జలంధర్‌లో హాకీ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఏటా ఆయన పేరు మీద టోర్నమెంట్ జరుగుతుంది.

పాకిస్తాన్ ఘనతను కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. 1971, 1978, 1982, 1994. నాలుగు కప్పులు. ఇప్పటికీ ఎవరూ దాటని రికార్డు. అఖ్తర్ రసూల్ అనే సెంటర్ హాఫ్ వాటిలో మొదటి మూడింటిలోనూ ఉన్నాడు. 1982లో బొంబాయిలో, మన ప్రేక్షకుల ముందు, కెప్టెన్‌గా కప్పు ఎత్తాడు. ఆ పోటీలో హసన్ సర్దార్ అనే పొడగరి సెంటర్ ఫార్వర్డ్ ఆడిన ఆటను బొంబాయి జనం సరిహద్దు సంగతి పక్కనపెట్టి చప్పట్లతో ఆదరించారు.

మరి నాలుగేళ్లకే ఏమైందో చూడండి. 1986, లండన్ విల్లెస్‌డెన్. పన్నెండు జట్లు. పదకొండో స్థానమా, పన్నెండో స్థానమా తేల్చుకునే ఆఖరి మ్యాచ్‌లో తలపడినవి భారత్, పాకిస్తాన్! ముందటి కప్పు గెలిచిన జట్టు, అంతకుముందొకసారి గెలిచిన జట్టు, అట్టడుగు స్థానం తప్పించుకోవడానికి కొట్లాడుకున్నాయి. మనం ఓడి పన్నెండో స్థానంలో నిలిచాం. భారత హాకీలో ఇంతకంటే బాధ కలిగించే స్కోరుకార్డు నాకు మరొకటి కనిపించదు.

ఎందుకిలా అయింది? సగం జవాబు కాళ్ల కింద ఉంది. 1982 బొంబాయి దాకా ప్రపంచకప్ పచ్చగడ్డి మీదే ఆడారు. గడ్డి మీద బంతి ఎగుడుదిగుడుగా పోతుంది. దాన్ని స్టిక్‌కు అంటిపెట్టుకుని, మణికట్టు తిప్పుతూ, ఒక్కొక్కరినీ దాటించే నేర్పు మనవాళ్లదీ, పాకిస్తాన్‌వాళ్లదీ. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం వేశారు. 1928 నుంచి 1972 వరకు ప్రతి ఒలింపిక్స్‌లోనూ పతకం తెచ్చిన భారత జట్టు అక్కడ ఏడో స్థానానికి పడిపోయింది. కృత్రిమ మైదానం మీద బంతి అద్దం మీద జారినట్టు దూసుకుపోతుంది. ఆటలో వేగం, బలం, దూరం నుంచి పాస్‌లు, ఊపిరి నిలిపే ఫిట్‌నెస్ ముఖ్యమయ్యాయి. ఒక్క మైదానానికి కోట్లు కావాలి. యూరప్‌లో మామూలు క్లబ్బులు కూడా వేసుకున్నాయి. మన పిల్లలు పదహారు, పదిహేడేళ్లు వచ్చేదాకా మట్టిలోనే ఆడి, జాతీయ శిబిరానికి వచ్చాకే తొలిసారి ఆ మైదానం మీద కాలు పెట్టేవారు. ప్రతిభ తగ్గి ఓడిపోయామన్న మాట నేను ఒప్పుకోను. నేల మారింది, కొత్త నేల మనకు ఆలస్యంగా దొరికింది.

మ్యాచ్‌కు ముందు మైదానాన్ని నీళ్లతో తడపడం టీవీలో చూసే ఉంటారు. తడి ఉంటేనే బంతి సమంగా జారుతుంది, పడిన ఆటగాడి చర్మం ఒరుసుకుపోదు. ఇప్పుడు చాలా మైదానాలు నీలం రంగులో కనిపిస్తాయి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో నీలం నేల, పసుపు బంతి వచ్చాయి. తెరమీద బంతి స్పష్టంగా కనబడాలన్నదే దాని వెనక ఆలోచన.

కొలతలంటే ఇష్టమున్నవాళ్ల కోసం: మైదానం పొడవు 91.4 మీటర్లు, వెడల్పు 55 మీటర్లు. బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గోల్ ముందు 'డి' ఆకారం గీత 14.63 మీటర్ల దూరంలో ఉంటుంది. దాని లోపలి నుంచి కొడితేనే గోల్. స్టిక్‌కు ఒక్క ఎడమవైపే చదునుగా ఉంటుంది, బంతిని ఆ వైపుతోనే ఆడాలి. ఎడమచేతివాటం వాళ్లకు వేరే స్టిక్ ఉండదు. పుట్టుకతో ఎడమచేతివాటం అయినా కుడిచేతి స్టిక్‌తోనే ఆట నేర్చుకోవాలి.

ఆఫ్‌సైడ్ నిబంధనను హాకీ 1990ల చివర్లో పూర్తిగా తీసేసింది. ఫుట్‌బాల్ ఇప్పటికీ దాన్ని పట్టుకుని వేలాడుతోంది. 35 నిమిషాల చొప్పున రెండు భాగాలుగా ఉండే ఆట, 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలైంది. స్కోరు సమానమైతే పెనాల్టీ స్ట్రోక్స్ బదులు షూటౌట్ వచ్చింది. ఆటగాడు 23 మీటర్ల గీత నుంచి బంతితో బయల్దేరి ఎనిమిది సెకన్లలో గోల్‌కీపర్‌ను దాటించాలి. కదలకుండా నిలబెట్టి కొట్టే స్ట్రోక్ కంటే ఇదే హాకీకి న్యాయమైన తీర్పని నా అభిప్రాయం. హాకీలో ఉన్న నేర్పంతా ఆ ఎనిమిది సెకన్లలో బయటపడాల్సిందే.

డాక్టరు, పార్లమెంటు సభ్యుడు, క్రికెటర్, ప్రపంచకప్ విజేత. ఈ నాలుగూ ఒక్కడే. ఆస్ట్రేలియాకు చెందిన రిక్ చార్ల్స్‌వర్త్. వైద్యం చదివాడు, వెస్టర్న్ ఆస్ట్రేలియాకు ఫస్ట్‌క్లాస్ క్రికెట్ ఆడాడు, 1983లో పెర్త్ నుంచి ఎంపీగా గెలిచాడు. ఎంపీగా ఉంటూనే 1986లో ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడాడు. తర్వాత కోచ్‌గా 2010 ఢిల్లీలో, 2014 హేగ్‌లో ఆస్ట్రేలియాకు రెండు కప్పులు తెచ్చాడు. 2014 ఫైనల్లో ఆతిథ్య నెదర్లాండ్స్‌ను 6-1తో చిత్తుచేశారు. ఆ పోటీకి పాకిస్తాన్ అసలు అర్హతే సాధించలేదు. చరిత్రలో అదే మొదటిసారి.

1994 సిడ్నీ హీరో పాకిస్తాన్ గోల్‌కీపర్ మన్సూర్ అహ్మద్. సెమీస్‌లో జర్మనీ, ఫైనల్లో నెదర్లాండ్స్, రెండు మ్యాచ్‌లూ 1-1తో ముగిసి పెనాల్టీ స్ట్రోక్స్ దాకా వెళ్లాయి. రెండుసార్లూ మన్సూర్ అడ్డుగోడలా నిలిచాడు. ఇరవై నాలుగేళ్ల తర్వాత గుండె జబ్బుతో మంచం పట్టి, గుండె మార్పిడి చికిత్స కోసం భారతదేశం రానివ్వమని బహిరంగంగా వేడుకున్నాడు. ఇక్కడి హాకీ అభిమానులూ కదిలిపోయారు. కానీ కాలం ఆగలేదు. 2018 మేలో కరాచీలో కన్నుమూశాడు.

రెండు దేశాలకు ఆడిన గోల్ మాంత్రికుడు గొంజాలో పెయాట్. 2014లో అర్జెంటీనాకు ఆడి 10 గోల్స్‌తో పోటీ మొత్తానికి మొదటివాడయ్యాడు. 2016 ఒలింపిక్ స్వర్ణమూ అర్జెంటీనాతోనే. 2023లో జర్మనీ చొక్కాతో వచ్చి ఆస్ట్రేలియా మీద సెమీస్‌లో హ్యాట్రిక్ కొట్టాడు.

2018 భువనేశ్వర్ ఫైనల్‌లో సంబరం ఒక్కసారిగా ఆగిపోయింది. బెల్జియం, నెదర్లాండ్స్ 0-0. షూటౌట్‌లో గెలిచేశామని బెల్జియం వాళ్లు గంతులేశారు. వీడియోలో చూస్తే బంతి ఆ గోల్ కొట్టిన డి స్లూవర్ పాదానికి తగిలింది. గోల్ రద్దు! మళ్లీ గుండె చిక్కబట్టుకుని వచ్చి, మళ్లీ కొట్టి, 3-2తో తొలి కప్పు అందుకున్నారు.

2023లో జర్మనీ చేసింది ఇంకెవరూ చేయలేదేమో అనిపిస్తుంది. క్వార్టర్స్, సెమీస్, ఫైనల్, మూడింటిలోనూ 0-2తో వెనకబడి గెలిచింది. ఇంగ్లండ్ మీద చివరి మూడు నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టారు, ఆ రెండూ గ్రాంబుష్ అన్నదమ్ములవి. ఆస్ట్రేలియా మీద ఆఖరి సెకన్లలో గెలుపు గోల్. ఫైనల్లో బెల్జియంతో 3-3, షూటౌట్‌లో 5-4. అదే పోటీలో నెదర్లాండ్స్ కొత్తగా వచ్చిన చిలీ మీద 14-0తో గెలిచింది. ప్రపంచకప్‌లో అంత పెద్ద తేడా మరెప్పుడూ లేదు.

ఆ 2023 పోటీ దాదాపు సగం జరిగిన రూర్కెలా గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి. మన శ్రీకాకుళం దాటితే వచ్చే ఒడిశాలో, ఉత్తరపు కొసన సుందర్‌గఢ్ జిల్లా. అక్కడి ఆదివాసీ పల్లెల్లో, పక్కనే ఉన్న జార్ఖండ్ సిమ్‌డేగాలో, హాకీ పండగంత పెద్ద విషయం. పిల్లలు వెదురుతోనో చెట్టు కొమ్మతోనో స్టిక్ చేసుకుంటారు. ఊరి పోటీలో గెలిచిన జట్టుకు మేకపోతు బహుమతి. వాటిని ఖస్సీ టోర్నమెంట్లంటారు. గెలిచిన రాత్రి ఊరంతా విందు. కౌలాలంపూర్ జట్టులోని మైకేల్ కిండో ఈ సిమ్‌డేగా నేల మీద పుట్టినవాడే. రూర్కెలా ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, ఆ ఊళ్లోనే స్థిరపడి, 2020 డిసెంబరు ఆఖరి రోజున అక్కడే కన్నుమూశాడు. మరో రెండేళ్ల కొన్ని రోజులు ఉండి ఉంటే తన ఊళ్లో ప్రపంచకప్ చూసేవాడు.

రూర్కెలా స్టేడియానికి బిర్సా ముండా పేరు పెట్టారు. పదిహేను నెలల్లో కట్టారు. 20,011 సీట్లు. అందరూ కూర్చుని చూడగల హాకీ స్టేడియాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా గిన్నిస్ గుర్తించింది. 2023 జనవరి 13న అక్కడ భారత్ ఆడిన తొలి మ్యాచ్ స్పెయిన్‌తో. తొలి గోల్ కొట్టిన అమిత్ రోహిదాస్‌ది ఈ జిల్లాలోని సౌనామారా గ్రామం. మూడు ఒలింపిక్స్ ఆడిన దిలీప్ తిర్కీ కూడా ఆ ఊరివాడే. అమిత్ గోల్ కొట్టిన రోజున హాకీ ఇండియా అధ్యక్ష స్థానంలో ఉన్నది దిలీప్. భారత్ ఆ మ్యాచ్ 2-0తో గెలిచింది. పోటీలో మాత్రం న్యూజిలాండ్ మీద షూటౌట్‌లో ఓడి క్వార్టర్స్ చేరలేకపోయాం.

2023 దాకా పదిహేను కప్పులు, ఆరే విజేతలు. పాకిస్తాన్ నాలుగు, నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా, జర్మనీ మూడేసి, భారత్, బెల్జియం ఒక్కోటి. స్పెయిన్ రెండుసార్లు ఫైనల్ చేరి రెండుసార్లూ ఓడింది. ఇంగ్లండ్, వేల్స్ ప్రపంచకప్‌లో విడివిడిగా ఆడతాయి, ఒలింపిక్స్‌కు వచ్చేసరికి గ్రేట్ బ్రిటన్ పేరుతో ఒకే జట్టవుతాయి. 2026 ఆగస్టు పోటీ నిర్వహణను బెల్జియంలోని వావ్ర్‌కు, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టెల్‌వేన్‌కు కలిపి అప్పగించారు, పురుషులకూ మహిళలకూ ఒకేసారి.